వానకు కరిగే రాయి

మా చెలకలో ఎండాకాలం పని రాళ్ళు ఏరడం. దున్నిన ప్రతిసారీ కర్రుకు తగిలి కొత్త రాళ్ళు పైకి వచ్చేవి. నేల రాళ్ళను కంటుందని మా ఇంట్లో అనుకునేవారు. మృగశిరకు ముందు ఇంటిల్లిపాదీ నడుములు వంచి, రాళ్ళను తట్టల్లో మోసుకుపోయి తూర్పు గట్టు మీద పోసేవాళ్ళం. ఆ కుప్పను మొదలుపెట్టింది మా తాత తండ్రి. నేను పుట్టేనాటికి అది మనిషి ఎత్తు దాటింది. దాని సందుల్లో సీతాఫలం మొక్కలు మొలిచాయి. జొన్న పాలుపోసుకునే రోజుల్లో మా నాయిన ఆ కుప్ప మీద నిలబడి పిట్టలను తోలడానికి వడిసెల తిప్పేవాడు.

మా వైపు ఒక ఇంటివారి కష్టాన్ని వారి గట్టు మీది కుప్పను చూసి అంచనా కట్టేవారు. మా అమ్మను ఇవ్వడానికి వచ్చిన పెద్దలు మా గడప తొక్కకముందే చెలకకు పోయి ఆ కుప్ప చుట్టూ తిరిగారట. "గింత రాయి ఎత్తిన ఇంట్ల పిల్లకు బువ్వకు కరువుండది" అని అక్కడే మాట ఇచ్చుకున్నారట. మా తాత ఈ సంగతిని పదేపదే చెప్పి నవ్వేవాడు.

దీన్ని ముందుగా రాసిపెట్టడానికి కారణం ఉంది. ఇప్పుడు ప్రభుత్వం దగ్గర ఉన్న భూగర్భ పటంలో మా చెలక మట్టినేల కాదు, పలుగురాయి పొర. ఆ పటం తయారైన కార్యాలయంలోనే నేను ఉద్యోగం చేస్తున్నాను.

మా వంశంలో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేను. భూగర్భశాస్త్రంలో పీజీ చేసి, ఆ తరువాత ఉపగ్రహ చిత్రాలను చదవడం నేర్చుకున్నాను. సంగారెడ్డి శివారు పోతిరెడ్డిపల్లిలో, కొత్తగా కట్టిన ఒక ఇంటి పై అంతస్తును కిరాయికి తీసుకున్న చిన్న సంస్థలో నాకు పని దొరికింది. జిల్లాలో ఏ రాయి ఎక్కడ ఉందో, ఏ పొర ఏ పొర కింద నుంచి పోతుందో ఉపగ్రహ చిత్రాల సాయంతో గీసి ఇవ్వడం మా పని. నేనుండే హాస్టలు నుంచి రోజూ కంది ఊరి మీదుగా బస్సు పోయేది. అక్కడి పెద్ద సాంకేతిక విద్యాసంస్థ గేటు దగ్గర నా వయసు పిల్లలు దిగేవారు. ఒకప్పుడు ఆ గేటు లోపల చదవాలని ఆశపడ్డాను. తరువాత బస్సులో అటువైపు కిటికీ దగ్గర కూర్చోవడం మానేశాను.

నా ఉద్యోగం గురించి ఊళ్ళో ఎవరికీ సరిగా అర్థం కాలేదు. "శాటిలైట్ల పని చేస్తది" అని నాయిన అందరికీ చెప్పుకున్నాడు. నేను ఆకాశం నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊరిని చూడగలనని ఆయన నమ్మకం.

"పొద్దుగాల బర్రెను తోలుకపోతుంటే కనవడ్డనా బిడ్డా?" అని అడిగేవాడు.

"మనుషులు కనపడరు నాయినా. పొలం ఒక గడి లెక్క కనపడ్తది, గంతే" అని చెప్పేదాన్ని.

పక్కన కూర్చున్న చిన్నాయన, అంటే మా నాయిన తమ్ముడు, ఊరుకునేవాడు కాదు. "మనుషులు కనపడకుంటె ఏంది, కల్లు కాంపౌండు కనపడ్తదా బిడ్డా? కనపడితె జెర చెప్పు. మీ నాయిన డ్యూటీకి పోతున్న అని యాడికి పోతున్నడో మీ అమ్మకు ఎరుకైతది."

"నీ యవ్వ, నోరు ముయ్‌రా" అని నాయిన నవ్వేవాడు.

చెలకలో పంట పోయిన తరువాత నాయిన పాశమైలారంలో ఒక కార్ఖానా గేటు దగ్గర కాపలా ఉద్యోగంలో చేరాడు. నీలం చొక్కా, టోపీ, ఈల. బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ఆయనను "చాచా" అని పిలిచేవారు. ఆయన వారితో వచ్చీరాని హిందీలో మా చెలకలో ఒకప్పుడు పండిన జొన్న గురించి చెప్పేవాడు.

నా పనిని ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలని ఒకసారి ప్రయత్నించాను. ఉపగ్రహం కంటికి అందని కాంతిని కూడా పట్టుకుంటుంది. మేము వేసే బొమ్మలో పచ్చని పంట ఎర్రగా ఉంటుంది. గ్రానైట్ బండలు ఒక రంగు. వాటిని చీల్చుకుంటూ పోయే నల్లరాయి సన్నని చీకటి గీత. జహీరాబాద్ వైపు పోతే ఎర్రరాయి, నల్లరేగడి కింది రాయి వేరే రంగులు. కంప్యూటరు ఆ రంగులను బట్టి ఇది ఫలానా రాయి అంటుంది. అది చెప్పింది నిజమో కాదో మేము నేల మీదికి పోయి చూసి రావాలి.

"అంటే పటం, నేల కలువాలె" అన్నాడు నాయిన.

"అవు నాయినా. కలవకుంటె పటాన్ని దిద్దాలె."

ఆ మాట ఆయనకు ఎంతగానో నచ్చింది. "పటం, నేల కలువాలె" అని రెండు మూడుసార్లు అనుకున్నాడు. న్యాయంగల పని అని మెచ్చుకున్నాడు. అంతవరకూ ఏ ఆఫీసూ ఆయన భూమి దగ్గరికి వచ్చి తన కాగితాన్ని దిద్దుకోలేదు.

ఇక చెలక సంగతి. నేను కాలేజీలో ఉన్న రోజుల్లో మా ఊరి వాగుకు ఎగువన ఒక రసాయనాల కార్ఖానా వెలిసింది. దాని గోడ కింద నుంచి వానాకాలంలో వాగులోకి నీళ్ళు రావడం మొదలైంది. మొదట నీళ్ళ రంగు మారింది. తరువాత బోరు నీళ్ళు నాలుకకు చేదుగా తగిలాయి. ఆ మరుసటి ఎండాకాలం వాగు వెంబడి నేల మీద తెల్లటి పొర తేలింది. మా వాళ్ళు ఆ ఉప్పుపొరను సౌడు అన్నారు. సౌడు మా ప్రాంతానికి కొత్త కాదు. వెనకట చాకలివారు బట్టలు ఉతకడానికి సౌడుమట్టి ఎత్తుకుపోయేవారు. ఈ సౌడును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకుంటే చేతులు మండేవి. జొన్న మోకాటి ఎత్తుకు రాగానే కొసల నుంచి మాడిపోయింది. నాయిన మళ్ళీ విత్తాడు, మళ్ళీ మాడింది. చివరిసారి విత్తనం మొలవనే లేదు.

ఆ తెల్లని పొర కార్యాలయంలో నా తెర మీదికి వస్తుందని నేను ఊహించలేదు. మా మండలం చిత్రాన్ని తెరిచిన రోజు వాగు మలుపును బట్టి ఊరిని గుర్తుపట్టాను. వాగు వెంబడి సాగిన వెలుగుచార ఒకటి కనిపించింది. దాని తోక మా చెలకలో ఆగింది. ఆ చార మీద కంప్యూటరు వేసిన పేరు పలుగురాయి.

కంప్యూటరు తప్పును నేను అర్థం చేసుకోగలను. పలుగురాయి గ్రానైట్ బండల మధ్య తెల్లని చారలుగానే సాగుతుంది. ఎండకు ఆరిన సౌడు అంతకంటే తెల్లగా మెరుస్తుంది. పై నుంచి చూసే కంటికి రెండూ ఒకటే. పంట తిన్న ఉప్పు, పంట ఎన్నడూ పండని రాయి ఆ బొమ్మలో అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి.

కాబట్టి నేను చేయవలసిన విధంగానే చేశాను. పాత చిత్రాల నిల్వలో వెదికి, నేను బడికి పోయే రోజుల నాటి ఒక బొమ్మను తీశాను. అందులో మా చెలక ముదురు ఎరుపు. అంటే పచ్చని జొన్న. కొన్ని గడుల ఎరుపు మాత్రమే. అయినా దాన్ని చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. ఆ ఎరుపులో ఎక్కడో మా అమ్మ కలుపు తీస్తూ ఉండి ఉంటుంది. తరువాత, వానలు ముగిశాక తీసిన ఈ మధ్యకాలపు చిత్రాన్ని దాని పక్కన పెట్టాను. ఎండాకాలంలో మెరిసిన చార అందులో సగానికి సగం చెరిగిపోయింది. రాయి వానకు కరగదు. ఉప్పు కరుగుతుంది. ఇంతకంటే తేటగా నేను నా చదువును ఎన్నడూ వాడుకోలేదు.

మా కార్యాలయానికి పెద్ద, జీవితమంతా కొండలెక్కి దిగి మోకాళ్ళు అరగదీసుకున్న ఒక పెద్దమనిషి. ఆయనది కోస్తా మాట. నాకు పని నేర్పింది ఆయనే. మూడు చిత్రాలను ఆయన ముందు పెట్టి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"బాగా పట్టావమ్మా. కానీ మనకు ఒప్పందం ఎండాకాలపు చిత్రం మీదే. మిగతావి పక్కన పెట్టు" అన్నారు.

"అయితే నేల మీద చూద్దాం సార్. మనం ఎలాగూ పరిశీలనకు పోవాలి కదా."

ఆయన కాదనలేదు. మేము అద్దెకారులో పోయాం. సాధారణంగా ఆ పరిశీలన ఎలా సాగేదో చెప్పాలి. రోడ్డు ఎక్కడికి పోతే మా పరిశీలన అక్కడికి పోయేది. కంపెనీ గోడ అడ్డం వస్తే, గోడకు ఇవతల దగ్గరలో కనిపించిన రాయిని చూసి, గోడకు అవతలిది కూడా అదే రాయి అని రాసుకునేవాళ్ళం. నేను చేరిన కొత్తలో ఇది నన్ను కలవరపెట్టింది. తరువాత అలవాటైంది.

మా చెలక దగ్గర ఆయన కారు దిగి రోడ్డు మీదే నిలబడ్డారు. నేను లోపలికి పోయి, సౌడును గీకి గుప్పెడు తెచ్చాను. నా తాగునీళ్ళ సీసాలో వేసి మూతపెట్టి ఊపాను. నీళ్ళు కాసేపు మసకబారి తేరుకున్నాయి. అడుగున కాస్త మట్టి మిగిలింది. సీసాను ఆయన చేతికిచ్చాను. ఆయన ఎండకు ఎత్తిపట్టి చూశారు.

"కరిగింది. నేను కాదనడం లేదు" అన్నారు.

"మరి పలుగురాయి అని ఎలా వేస్తాం సార్?"

"ఇంకేం వేస్తావు? రాళ్ళ జాబితా పైనుంచి ఖరారై వచ్చింది. గ్రానైట్ రెండు రకాలు, నల్లరాయి, నల్లరేగడి కింది రాయి, పలుగురాయి, ఎర్రరాయి, వాగు మట్టి. ప్రతి గడికీ అందులో ఏదో ఒక పేరు పెట్టాలి. ఫ్యాక్టరీ ఉప్పుకు రంగు లేదమ్మా అందులో."

"కొత్త రంగు ఒకటి కలపమని అడుగుదాం. మనుషులు పోసింది అని."

ఆయన నవ్వారు. ఆ నవ్వులో వెటకారం లేదు, అలసట ఉంది. "ఇది రాళ్ళ పటం. మనుషులు ఏం పోశారో అడిగే పటం కాదు. ఆ మాట రాస్తే, ఎవరు పోశారు అని ఇంకో ప్రశ్న వస్తుంది. దానికి జవాబు మన జాబితాలో అసలే లేదు."

"పోనీ ఖాళీగా వదిలేద్దాం సార్. తెలియదు అని."

"ఖాళీ ఉన్న పటాన్ని ఎవరూ తీసుకోరు." సీసాను నాకు తిరిగి ఇచ్చారు. నా ముఖం చూసి మెత్తబడ్డారు. "సరే, నీ అభ్యంతరం రాసివ్వు. పైకి పంపుతాను. చూద్దాం."

రాసిచ్చాను. మూడు చిత్రాలనూ జతచేశాను. ఆయన పంపారు కూడా, అది నిజం. పైన దాన్ని ఎవరు చదివారో, చదివారో లేదో నాకు తెలియదు.

అదే రోజుల్లో ఊరి రైతులు కలెక్టరేట్లో మొర పెట్టుకున్నారు. కార్ఖానా నీళ్ళతో ఏయే భూములు పాడయ్యాయో చూసి రాసుకోవడానికి అధికారులు వస్తారని కబురు వచ్చింది. చిన్నాయన ఇంటింటికీ తిరిగి ప్రతివాళ్ళనూ తమ బోరు నీళ్ళు ఒక సీసాలో, తమ మట్టి ఒక సంచిలో పట్టిపెట్టమన్నాడు. నాయిన మాత్రం పట్టలేదు.

"నాకెందుకురా సీసలు? మా బిడ్డ పటమున్నది. పైనుంచి తీసిన బొమ్మ అబద్ధమాడ్తదా?" అన్నాడట. ఊరంతా ఆ మాట చెప్పాడట.

నాకు తెలిసి వెంటనే ఇంటికి వచ్చాను. నాయిన అరుగు మీద కూర్చుని టోపీ మీది మరక రుద్దుకుంటున్నాడు.

"నాయినా, ఆ పటం ఇంక తేలలేదు. నేనొకటి రాసిచ్చిన, పైవాళ్ళు ఒప్పుకుంటరో లేదో ఎరుక లేదు. నువ్వు గూడ నీళ్ళు పట్టుకో."

ఆయన కన్ను గీటాడు. "ఆఫీసు ముచ్చట బైట చెప్పొద్దని గట్లంటున్నవ్. నాకెరుక లేదా బిడ్డా? మా కంపెనీల గూడ గంతే. లోపటి మాట గేటు దాటొద్దు."

"గట్ల కాదు నాయినా, నిజంగనే తేలలేదు."

"సరే సరే, నేనెవ్వరికి చెప్ప. నాకు పైసలతోటి గూడ పని లేదు. ఇయ్యకుంటె ఇయ్యకపోనీ. గది చెలకనే ఉండె, పండుతుండె అని సర్కారు కాగితం మీద ఒక్క మాట రావాలె. మా తాత, మా నాయిన గాడ్ది చాకిరి చేసి ఏరిన రాళ్ళు ఊకె పోవద్దు."

అమ్మ లోపలి నుంచి అన్నది: "బిడ్డ చెప్తుంటె ఇనవయ్యా. ఒక్క సీస నీళ్ళు పట్టుకుంటె నీ ఇజ్జత్ పోతదా?"

ఇజ్జత్ పోతుందనే ఆయన అనుకున్నాడు. చదువుకున్న బిడ్డ ఉన్న మనిషి కూడా అందరిలాగే సీసా పట్టుకుని వరుసలో నిలబడితే, ఇక ఆ చదువు దేనికి? ఆ మాట ఆయన అనలేదు. అయినా నేనూ అమ్మా దాన్ని విన్నాం.

అధికారులు వచ్చిన రోజు నేను సెలవు పెట్టాను. వాగు పక్కన, మా చెలక దగ్గరే జీపు ఆపారు. నాయిన డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. నీలం చొక్కా, చంకలో టోపీ. రైతులు సీసాలతో, సంచులతో నిలబడ్డారు. అధికారి జీపు ముందుభాగం మీద ఒక పటాన్ని పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. ఆ రంగులను దూరం నుంచే గుర్తుపట్టాను. మా కార్యాలయం పటమే. అచ్చయి వచ్చిందని అప్పటిదాకా నాకు తెలియదు.

నా ముఖంలో ఏం కనిపించిందో నాయిన చూడలేదు. ఆయన పటాన్నే చూస్తున్నాడు. పెళ్ళిపందిట్లో సంబంధీకుణ్ణి చూసినట్టు వెలిగిపోయాడు.

"సారు, గీ పటం మా బిడ్డ ఆఫీసుల చేసిందే. గో, గామెనే మా బిడ్డ. జర మా చెలక సూడుండ్రి."

"మంచిదండీ" అన్నాడు అధికారి మర్యాదగానే. నా వైపు తిరిగి, "చూపించండి మేడం, ఎక్కడ?" అన్నాడు.

నేను వేలు పెట్టలేదు. అక్కర లేకపోయింది. సర్వే నంబరు అడిగి ఆయనే వెదికి పట్టుకున్నాడు. లేత పసుపు చార మీద ఆయన వేలు ఆగింది. పక్కనున్న రంగుల వివరం చూసి చదివాడు.

"పలుగురాయి. సహజమైన రాతిపొర అని ఉంది పెద్దాయనా. పుట్టుబండ. దీన్ని పాడైన సాగుభూమి కింద రాయడానికి కుదరదు."

నాయిన నవ్వు అలాగే ఉండిపోయింది. అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"బండనా? బండ యాడిది సారు? గది చెలక. మా తాతల సంది రాళ్ళు ఏరి సాపు చేసిన చెలక. గో, ఆ గట్టు మీద సూడుండ్రి, గా కుప్ప అంత మేం ఏరిన రాయే."

అధికారి తలెత్తి కుప్పను చూశాడు. మా అమ్మ పెళ్ళిని కుదిర్చిన కుప్ప. ఆయన గొంతులో కఠినత్వం ఏమీ లేదు.

"మీరే చెప్తున్నారు కదా. అన్ని రాళ్ళు వచ్చాయంటే రాతినేలే అన్నట్టు. పటంలో ఉన్నదీ అదే. రెండూ కలుస్తున్నాయి."

అప్పుడు నేను ముందుకు పోయాను. చార ఎండాకాలం తేలి వానకు కరుగుతుందని, పాత చిత్రంలో అక్కడ పంట ఉందని, అది ఉప్పని చెప్పాను. చెప్పవలసిన క్రమంలో, చెప్పవలసిన మాటలతోనే చెప్పాను. ఆయన పూర్తిగా విన్నాడు.

"మీరు ఆ ఆఫీసులోనే పనిచేస్తారు కదా మేడం. అయితే మీ పటంలో ఆ మాట ఎందుకు లేదు?"

దానికి జవాబు నా దగ్గర ఉంది. చాలా పొడుగు జవాబు. ఉప్పుకు రంగు ఇవ్వని రాళ్ళ జాబితా, దాన్ని ఖరారు చేసిన పైవాళ్ళు, రోడ్డు దిగని పరిశీలన, ఖాళీని ఒప్పుకోని పటం, అన్నీ అందులో ఉన్నాయి. ఎండలో నిలబడి వింటున్న మా ఊరివాళ్ళకు అది జవాబులా వినిపించదని తెలిసి కూడా మొదలుపెట్టాను. సగంలో ఉండగా అధికారి గడియారం చూసుకున్నాడు. "మీ అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి" అన్నాడు. నేను అప్పటికే ఇచ్చిన సంగతి చెప్పలేదు.

తరువాత వంతు మా చిన్నాయనది. ఆయన చెలక మా చెలకకు ఆనుకునే ఉంటుంది. ఆ చార వంకర తిరిగి ఆయన గట్టు ఇవతలే ఆగడం వల్ల పటంలో ఆయనది వాగు మట్టి. ఆయన సీసా మూత తీసి అధికారి ముక్కు దగ్గర పెట్టాడు. అధికారి తల వెనక్కి తీసుకుని, పాడైన భూమి అని రాసుకున్నాడు.

చిన్నాయన వెనక్కి వస్తూ ఊరుకోలేకపోయాడు. "సదువుకున్న బిడ్డలు లేని మాకు గీ సీసలే దిక్కయినయన్నా. గవ్వన్న పనికొచ్చినయ్."

ఎవరో నవ్వారు. నాయిన చంకలోని టోపీ తీసి తలకు పెట్టుకున్నాడు, డ్యూటీలో ఉన్నట్టు. అది చూసి చిన్నాయన మొహం మారిపోయింది. తిరిగి జీపు దగ్గరికి పోయాడు.

"సారు, మా ఇద్దరి నీళ్ళు ఒక్కటే. నా సీసల ఉన్న నీళ్ళే మా అన్న బోరుల గూడ ఉన్నయ్. నడిమిట్ల గా గట్టు ఒక్కటే అడ్డం. జర గది గూడ రాయుండ్రి, మీకు పున్నెముంటది."

"నీళ్ళు ఒకటే కావచ్చు. నేల వేరు అంటోంది కదా పటం" అన్నాడు అధికారి, పటాన్ని మడుస్తూ. మూలలకు పెట్టిన రాళ్ళను పక్కకు విసిరేశాడు. అవి కూడా మా కుప్పలోవే.

మా కార్యాలయంలో ఆ పటానికి మెచ్చుకోలు వచ్చింది. గడువుకు ముందే ఇచ్చామని, అన్ని గడులూ నిండాయని. పెద్దాయన ఆ సంగతి అందరికీ చెప్పి, నా బల్ల దగ్గర మాత్రం ఆగకుండా తన గదిలోకి వెళ్ళారు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. కోపం తెచ్చుకోదగిన మనిషి ఈ మొత్తంలో ఒక్కరు కూడా నాకు దొరకలేదు. అందరూ మర్యాదగా, ఎవరి పని వారు, ఇచ్చిన జాబితా మేరకు చేశారు. కార్ఖానా పేరు ఎక్కడా రాలేదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నా నోట్లో మా బోరు నీళ్ళ చేదు తగులుతుంది.

పటాన్ని సవరించమని మళ్ళీ రాశాను. తదుపరి ముద్రణ సమయంలో క్షేత్ర పరిశీలన జరిపి పరిగణిస్తామని జవాబు వచ్చింది. ఆ పరిశీలన ఏ రోడ్డు దాకా పోతుందో నాకు తెలుసు. ఉద్యోగం మానలేదు. చెలక లేని ఇంట్లో జీతం మానడం కుదరదు.

నాయిన ఆ రోజు గురించి మళ్ళీ ఎత్తలేదు. శాటిలైట్ గురించి అడగడం మానేశాడు. బర్రెను తోలుకుపోతే కనపడ్డానా అని అడిగితే బాగుండునని నాకు అనిపించేది. చిన్నాయన కూడా కల్లు కాంపౌండు పరాచికాలు మానేశాడు. మా ఇంట్లో నా ఉద్యోగం, జబ్బుపడిన మనిషి ముందు మాట్లాడని జబ్బులా అయింది.

మృగశిరకు ముందు ఒక పొద్దున అమ్మ ఫోన్ చేసింది. "మీ నాయిన చెలకల రాళ్ళు మోస్తున్నడే. జర వచ్చి చెప్పు."

"మోస్తె మోయనీ అమ్మా. ఎప్పుడు మోసేదే కద."

"గట్ల కాదు. నువ్వు రా."

పోయాను. నాయిన గట్టు మీది కుప్పలోంచి రాళ్ళు తీస్తున్నాడు. తట్టకు ఎత్తుకుని చెలకలోకి పోయి, తెల్లటి సౌడు మీద పోస్తున్నాడు. ఒక చోట పోసి, కాలితో అటూ ఇటూ నెట్టి పరుస్తున్నాడు. పద్ధతిగా, విత్తనం చల్లినట్టు, గట్టు కొస నుంచి మొదలుపెట్టాడు.

"ఏంది నాయినా గిది?"

ఆయన ఆగలేదు. తట్ట బోర్లించి, నడుము నిలుపుకుని అన్నాడు: "పటం, నేల కలువాలె అంటివి గద బిడ్డా. పటాన్ని దిద్దరాయె. ఇగ నేలనన్న దిద్దుతున్న. సర్కారు మాట అబద్ధం కావద్దు గద."

ఆయన నన్ను ఎత్తిపొడవడానికి అన్నాడా, తనను తాను ఎత్తిపొడుచుకున్నాడా, ఇప్పటికీ తేల్చుకోలేదు. గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం కుప్ప మీద ఉన్నాయి. కుప్ప ఒక పక్క ఒరిగి, సీతాఫలం వేరు బయటపడింది.

అమ్మ నా వెనకే వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఇంకో తట్ట తీసుకుని, ఆయన పరిచిన రాళ్ళను ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. నిండిన తట్టను గట్టు మీదికి మోసుకుపోయి కుప్పలో పోసింది. ఆయన ఈ పక్క నుంచి తీస్తున్నాడు, ఆమె ఆ పక్క నుంచి పోస్తున్నది. దారిలో ఎదురైనప్పుడు ఇద్దరూ ఒకరికొకరు తప్పుకుని పోయారు.

"అమ్మా, అందుల ఏమన్న పండుతదా? ఎందుకు ఏరుతున్నవ్?"

"పండకుంటె? చెలకల రాయి ఉంచుతరా ఎవలన్న?" అన్నది, తలెత్తకుండానే.

నేను చెప్పులు గట్టు మీద విడిచి ఆమె వెనక వంగాను. సౌడు అరికాళ్ళకు చురుక్కుమన్నది. రాళ్ళు ఎండకు కాలి ఉన్నాయి. నాయిన కుప్ప దగ్గర ఆగి, మేమిద్దరం ఏరడాన్ని కాసేపు చూశాడు. తరువాత వంగి ఇంకో రాయి తీసి తట్టలో వేసుకున్నాడు.